పోర్టబుల్ హాట్‌స్పాట్ లాప్‌టాప్‌కి కనెక్ట్ అయింది, నెట్ మాత్రం ఆగి ఆగి వస్తోంది. సెట్టింగ్స్ ఎక్కడ మార్చాలి?

మేడమీదగది:

సిమ్ వేసుకునే పోర్టబుల్ హాట్‌స్పాట్ ఒకటి కొత్తగా తీసుకున్నాను. ఇంతకుముందు ఫోన్ హాట్‌స్పాట్‌తోనే పని నడిపేదాన్ని. ఫోన్ పట్టుకుని పక్కగదిలోకి వెళ్తే చాలు, లాప్‌టాప్‌లో మీటింగ్ ఆగిపోయేది, పైగా ఫోన్ బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోయేది. అందుకని నెట్ కోసం విడిగా ఒకటి ఉండాలనుకున్నాను. లాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది.

ఈ హాట్‌స్పాట్ డబ్బాతోపాటు వచ్చిన కాగితంలో సిమ్ ఏ వైపు పెట్టాలో బొమ్మ వేశారు, అంతకుమించి ఏమీ లేదు. వెనక స్టిక్కర్ మీదున్న వైఫై పేరు, పాస్‌వర్డ్ కొడితే కనెక్ట్ అయితే అయింది గానీ ఆ తర్వాత జరిగేవేవీ నాకు అర్థం కావడం లేదు.

లాప్‌టాప్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, అయినా ఒక్కోసారి మామూలు పేజీ తెరుచుకోవడానికి కూడా తిరుగుతూనే ఉంటుంది. ఒక్కోసారి నో ఇంటర్నెట్ అని చూపించి కాసేపటికి దానంతటదే వస్తుంది. లాప్‌టాప్ మూత వేసి భోంచేసి వస్తే వైఫై లిస్టులో డబ్బా పేరే ఉండదు, డబ్బా మీద బటన్ నొక్కితే గానీ మళ్లీ కనబడదు. ఇక డేటా సంగతి మరీ టెన్షన్. నేను చేసేది మెయిల్స్, డాక్యుమెంట్లు, అప్పుడప్పుడు వీడియో మీటింగులు. దానికే నెల సగం కాకుండా ప్లాన్‌లో డేటా అంతా ఖాళీ.

ఇంట్లో ఫోన్లు, టీవీ కూడా దీనికే కలపాలి. ఈ సెట్టింగ్స్ అన్నీ ఎక్కడుంటాయి, ఏదైనా యాప్ వేసుకోవాలా, కంప్యూటర్ నుంచే చేసుకోవచ్చా? నాకు నెట్‌వర్క్ భాష పెద్దగా రాదు, కాస్త విడమరిచి చెప్పండి.

సిగ్నల్‌వేట:

ముందు ఒకటి విడదీసి చూడండి, సగం గందరగోళం అక్కడే తీరుతుంది. మీకు నెట్ రెండు అంచెల్లో వస్తోంది, టవర్ నుంచి డబ్బాకి ఒకటి, డబ్బా నుంచి లాప్‌టాప్‌కి ఒకటి. లాప్‌టాప్‌లో కనబడే వైఫై గుర్తు ఈ రెండో అంచె సంగతే చెబుతుంది. డబ్బా మీ టేబుల్ మీదే ఉంటే అవతల టవర్ సిగ్నల్ పూర్తిగా పడిపోయినా ఆ గుర్తు నిండుగానే ఉంటుంది. కాబట్టి దాన్ని చూసి సిగ్నల్ బాగానే ఉందనుకోవద్దు.

యాప్ అక్కర్లేదు. ఈ డబ్బాల్లో దాదాపు అన్నిటికీ లోపలే ఒక సెట్టింగ్స్ పేజీ ఉంటుంది, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, దానికి నెట్ కూడా రానక్కర్లేదు, వైఫై కలిసి ఉంటే చాలు. అడ్రస్ స్టిక్కర్ మీద ఉంటుంది, కొన్నిటికి బ్యాటరీ తీస్తే దాని కింద ఉంటుంది. 192.168.0.1, 192.168.1.1, 192.168.8.1 ఇలాంటిదేదో ఒకటి. కనబడకపోతే స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. వచ్చిన దాంట్లో వైఫై భాగం కింద డిఫాల్ట్ గేట్‌వే అని ఉంటుంది, దాని పక్కన ఉన్న నంబరే మీ డబ్బా అడ్రస్. ఆ నంబర్ని సెర్చ్ బాక్సులో కాకుండా బ్రౌజర్ పైన అడ్రస్ బార్‌లో కొట్టాలి.

అక్కడ లాగిన్ అడుగుతుంది. చాలా మోడళ్లలో వైఫై పాస్‌వర్డ్ వేరు, ఈ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. లోపలికి వెళ్లగానే మొట్టమొదట మార్చాల్సింది అడ్మిన్ పాస్‌వర్డే. ఒకే మోడల్ డబ్బాలన్నిటికీ కంపెనీ ఒకటే పెట్టి పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి, మీ వైఫైలోకి వచ్చిన వాళ్లెవరైనా అది తెలిస్తే మొత్తం మార్చేయగలరు.

ఇప్పుడు స్టేటస్ అనో డివైస్ ఇన్ఫర్మేషన్ అనో ఉన్న పేజీకి వెళ్లండి. సిగ్నల్ పాయింట్లు వదిలేయండి, అవి ఒక్కో కంపెనీ ఒక్కోలా చూపిస్తుంది. ఆర్ఎస్ఆర్‌పీ అని మైనస్‌లో ఒక నంబర్ ఉంటుంది, అది టవర్ సిగ్నల్ బలం. మైనస్ 80, మైనస్ 90 మధ్య ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటి ఇంకా కిందికి పోతే నెట్ ఆగి ఆగి రావడంలో ఆశ్చర్యం లేదు. మైనస్ కాబట్టి ఆ గుర్తు తర్వాత ఉన్న అంకె చిన్నదైతేనే మంచిదని గుర్తుంచుకోండి. దాని పక్కనే ఎస్ఐఎన్ఆర్ అని ఇంకోటి ఉంటుంది, సిగ్నల్‌లో ఎంత గోల కలిసిందో అది చెబుతుంది, ఇది మాత్రం పెద్దదైతేనే మంచిది. 20 దగ్గర ఉంటే చాలా శుభ్రంగా ఉన్నట్టు, సున్నా కన్నా కిందికి పోతే బలం ఎంత ఉన్నా స్పీడ్ రాదు. ఆ పేజీ తెరిచి పెట్టుకుని డబ్బాని గదిలో అటూ ఇటూ మార్చి చూడండి. ఒక్కో చోట పెట్టి నంబర్ నిలకడగా అయ్యేదాకా ఆగాలి, చేతిలో పట్టుకుని నడుస్తూ చూస్తే లాభం లేదు. ఇనుప బీరువా మీద, టీవీ వెనక, ఫ్రిజ్ పక్కన పెట్టకండి. కిటికీ దగ్గర ఎత్తుగా పెట్టండి, నేరుగా ఎండ మాత్రం పడకూడదు.

మూత వేసి వస్తే పేరు కనబడకపోవడానికి కారణం దాదాపుగా వైఫై స్లీప్ టైమ్ అనే సెట్టింగ్. ఏ పరికరమూ కలిసి లేకపోతే బ్యాటరీ మిగలడానికి డబ్బా కొద్ది నిమిషాల్లో తన వైఫై తానే ఆపేసుకుంటుంది. మీ లాప్‌టాప్ మూత వేయగానే నిద్రపోతుంది, దాంతో డబ్బాకి కలిసినవాళ్లెవరూ ఉండరు, అదీ నిద్రపోతుంది. పవర్ సేవింగ్ అని గానీ వైఫై అడ్వాన్స్‌డ్ అని గానీ ఉన్నచోట దాన్ని నెవర్ చేయండి, లేదా ఉన్నంతలో ఎక్కువ సమయం పెట్టండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు మళ్లీ తగ్గించుకోవచ్చు.

నో ఇంటర్నెట్ అని వచ్చినప్పుడు తప్పు ఏ అంచెలో ఉందో తేల్చడానికి రెండు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు పక్కపక్కన తెరవండి. ఒకదాంట్లో పింగ్ (ping, అవతలి నుంచి జవాబు వస్తోందో లేదో చూసే కమాండ్) కొట్టి డబ్బా అడ్రస్, రెండోదాంట్లో పింగ్ కొట్టి బయట ఉన్న గూగుల్ సర్వర్ అడ్రస్ 8.8.8.8 ఇవ్వండి, రెండిటి చివరా ఖాళీ వదిలి మైనస్ గుర్తు, ఇంగ్లిష్ టీ అక్షరం పెడితే ఆపేదాకా నడుస్తూనే ఉంటాయి. డబ్బా నుంచి జవాబు కొద్ది మిల్లీసెకన్లలో వస్తూ, బయటి అడ్రస్‌కి మాత్రం రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వరసగా పడుతుంటే తప్పు టవర్ వైపే. డబ్బా జవాబే తెగిపోతుంటే మీ వైఫై వైపు చూడాలి. ఈ పరీక్ష చేయకుండా సెట్టింగ్స్ మారుస్తూ పోతే చీకట్లో బాణాలు వేసినట్టే.

సిగ్నల్ బాగుండి అసలు ఎప్పుడూ నెట్ రాకపోతే అప్పుడు ఏపీఎన్, అంటే డబ్బా మీ సిమ్ కంపెనీ నెట్‌కి కలవడానికి వాడే సెట్టింగ్, చూడాలి. మీకు వస్తూ పోతూ ఉంది కాబట్టి అది సరిగానే ఉండి ఉంటుంది, ముట్టుకోకండి.

పాతరౌటర్:

డేటా విషయం నేను చెబుతాను, ఎందుకంటే దీంట్లో చాలామంది తెలియకుండానే నష్టపోతున్నారు.

లాప్‌టాప్‌కైనా ఫోన్‌కైనా ఈ డబ్బా ఒక వైఫై, అంతే. దాని వెనక లెక్కగట్టిన సిమ్ డేటా ఉందని వాటికి తెలియదు. వైఫై అనగానే అన్‌లిమిటెడ్ అనుకుని విండోస్ అప్‌డేట్లు, వన్‌డ్రైవ్ సింక్ (మీ ఫైళ్లని మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్‌కి ఎక్కించడం), ఫోన్‌లో ఫోటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు అన్నీ ఒకేసారి మొదలుపెడతాయి. మీరు మెయిల్ చూస్తుంటే వెనక జీబీలు పోతుంటాయి.

విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, అందులో మీ డబ్బా పేరుతో ఉన్న ప్రాపర్టీస్ తెరిచి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. దీంతో అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి, వన్‌డ్రైవ్ కూడా సింక్ ఆపుకుంటుంది. ఒక్కటి గమనించాలి, ఈ సెట్టింగ్ ఆ వైఫై పేరుకి మాత్రమే వర్తిస్తుంది. రేపు మీరు వైఫై పేరు మారిస్తే విండోస్‌కి అది కొత్త నెట్‌వర్క్, మీటర్డ్ మళ్లీ పెట్టుకోవాల్సిందే. అందుకే పేరు, పాస్‌వర్డ్ మార్చే పని ముందు ముగించి ఆ తర్వాత ఇది చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఆ వైఫై వివరాల్లోకి వెళ్తే మీటర్డ్‌గా చూడమనే ఎంపిక ఉంటుంది, ఐఫోన్‌లో లో డేటా మోడ్ అంటారు. ఒక్క లాప్‌టాప్‌లో పెట్టి ఫోన్లు వదిలేస్తే ప్రయోజనం సగమే.

అలాగని అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేయకండి, సెక్యూరిటీ ప్యాచ్‌లు వాటిలోనే వస్తాయి. నెల చివర డేటా మిగిలితే అప్పుడో, మంచి వైఫై దొరికిన చోటో మీరే కూర్చుని వేసుకోండి.

ఇప్పటిదాకా ఎవరు తిన్నారో చూడాలంటే అదే నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ కింద అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ ఉంటుంది, ఏ ప్రోగ్రామ్ ఎంత వాడిందో వరసగా కనబడుతుంది. నెలవారీ లిమిట్ కూడా అక్కడే పెట్టుకోవచ్చు. అది ఆ లాప్‌టాప్ లెక్క మాత్రమే. ఇంటిల్లిపాది లెక్క కావాలంటే డబ్బా పేజీలోనే ట్రాఫిక్ స్టాటిస్టిక్స్ లాంటిది వెతకండి, ప్లాన్ మొదలయ్యే తేదీని అక్కడ సరిగ్గా పెట్టి లిమిట్‌ని అసలు ప్లాన్ కన్నా కొంచెం తక్కువగా ఇవ్వండి. డబ్బా లెక్కకీ కంపెనీ లెక్కకీ ఎప్పుడూ కొంత తేడా ఉంటుంది, చివరికి చెల్లేది కంపెనీ లెక్కే.

ఇక టీవీ. మీ భయం లాప్‌టాప్ గురించి ఉంది గానీ నా భయం టీవీ గురించి. హెచ్‌డీ వీడియో గంటకి రమారమి 3 జీబీ లాగుతుంది, 4కే అయితే అంతకు రెట్టింపు దాటుతుంది. టీవీలో ఆటో క్వాలిటీ వదిలేస్తే ఉన్న స్పీడ్ అంతా వాడుకుంటుంది. యాప్‌లో క్వాలిటీని మీరే తగ్గించి పెట్టండి, ఒకదాని తర్వాత ఒకటి ఆడే ఆటోప్లే ఆపేయండి.

సెక్యూరిటీకి కూడా ఒక మాట. వైఫై పేరు కనబడకుండా దాచేసి, మ్యాక్ ఫిల్టర్ పెట్టి, అంటే ఒక్కో పరికరం వైఫైకి ఇచ్చే మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు నంబర్ చూసి, మీ పరికరాలకే అనుమతిస్తే ఎవరూ రాలేరు.

నీలిదీపం:

పాతరౌటర్ గారు డేటా గురించి చెప్పిన ప్రతి మాటా ఒప్పుకుంటాను గానీ చివరి సలహా దగ్గర ఒప్పుకోలేను. పేరు దాచితే సాధారణ లిస్టులో కనబడదు, అంతే. వెతికే వాళ్లకి ఉచితంగా దొరికే టూల్స్‌తో దొరికిపోతుంది. పైగా దాచిన నెట్‌వర్క్‌కి ఆటోమేటిగ్గా కలవమని పెట్టిన ఫోన్, లాప్‌టాప్ బయట ఎక్కడున్నా ఆ పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతాయి, అంటే దాచాలనుకున్నది మనమే చాటింపు వేసినట్టు. మ్యాక్ అడ్రస్‌ని కాపీ కొట్టడం కూడా కష్టం కాదు. దీనివల్ల బయటివాడికి కలిగే ఇబ్బంది కన్నా కొత్త ఫోన్ కలిపేటప్పుడల్లా మనకి కలిగే ఇబ్బందే ఎక్కువ.

చేయాల్సింది వేరే. సెక్యూరిటీ మోడ్ (వైఫైకి తాళం వేసే పద్ధతి) డబ్ల్యూపీఏ2 గానీ, మీ పరికరాలన్నీ ఒప్పుకుంటే డబ్ల్యూపీఏ3 గానీ పెట్టండి. పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలు ఉండాలని డబ్బా అడుగుతుంది, 63 వరకు పెట్టుకోవచ్చు. నాలుగైదు సంబంధం లేని మాటలు కలిపి పొడుగ్గా పెడితే గుర్తూ ఉంటుంది, ఊహించడమూ కష్టం. డబ్ల్యూపీఎస్ అనే బటన్ కనెక్షన్ ఉంటే ఆపేయండి. చుట్టాలకి, వచ్చిపోయేవాళ్లకి ఇవ్వాలంటే గెస్ట్ వైఫై ఉందేమో చూడండి, ఉంటే అదే ఇవ్వండి.

ఇప్పుడు లాప్‌టాప్‌నే హాట్‌స్పాట్‌గా మార్చడం గురించి, మీరు అడగలేదు గానీ టీవీ కలపాలన్నారు కాబట్టి ఎవరో ఒకరు చెబుతారు. విండోస్‌లో మొబైల్ హాట్‌స్పాట్ అని 2016 నుంచే ఉంది, విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్‌తో వచ్చింది. అంతకుముందు విండోస్ 7 రోజుల్లో కమాండ్లు కొట్టి చేసేవాళ్లు, నెట్‌లో పాత ట్యుటోరియల్స్ ఇప్పటికీ అవే చెబుతుంటాయి, వాటి జోలికి పోకండి, కొత్త వైఫై డ్రైవర్లు చాలావాటిలో ఆ పద్ధతే లేదు. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, మొబైల్ హాట్‌స్పాట్, అంతే. ఏ కనెక్షన్ పంచాలి, దేని ద్వారా పంచాలి, పేరు, పాస్‌వర్డ్, బ్యాండ్ (వైఫై నడిచే రేడియో దారి, 2.4 గానీ 5 గిగాహెర్ట్జ్ గానీ) ఇవి అడుగుతుంది. 8 పరికరాల వరకు కలుస్తాయి. కలిసినవాటికి 192.168.137తో మొదలయ్యే అడ్రస్‌లు వస్తాయి.

మీ విషయంలో ఇది వద్దు అంటాను. డబ్బా నుంచి వైఫైలో తీసుకుని అదే వైఫై కార్డుతో మళ్లీ పంచితే ఒకే రేడియో రెండు పనులూ చేయాలి, స్పీడ్ బాగా పడిపోతుంది. లాప్‌టాప్ నిద్రపోతే ఇంట్లో అందరి నెట్ పోతుంది. లాప్‌టాప్‌లో వీపీఎన్ (నెట్‌ని గోప్యంగా వేరే సర్వర్ మీదుగా పంపేది) పెట్టుకుంటే కలిసిన ఫోన్లు కూడా అందులోంచే వెళ్తాయని గ్యారంటీ లేదు. డబ్బాకే ఎన్ని పరికరాలు పడతాయో వైఫై సెట్టింగ్స్‌లో ఉంటుంది, ముందు అది చూడండి, సరిపోతే అన్నీ నేరుగా దానికే కలపండి.

లాప్‌టాప్ హాట్‌స్పాట్ నిజంగా ఉపయోగపడేది వేరేచోట. గోడలోంచి వచ్చే నెట్ వైరు ఒక్కటే ఉండి ఫోన్లకి వైఫై లేనప్పుడు, లేదా బస చేసిన చోట ఒక్క పరికరానికే లాగిన్ ఇచ్చినప్పుడు. ఆపిల్ మ్యాక్ కంప్యూటర్ వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మ్యాక్‌లో దీని పేరు ఇంటర్నెట్ షేరింగ్, సెట్టింగ్స్‌లో జనరల్ కింద షేరింగ్‌లో ఉంటుంది. అక్కడ వైఫైలో తీసుకుని వైఫైలోనే పంచడం మామూలుగా కుదరదు, వైరు నుంచో యూఎస్‌బీ నుంచో తీసుకుంటే వైఫైలో పంచుతుంది.

ఇంకోటి, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గురించి. లాప్‌టాప్, డబ్బా ఒకే గదిలో ఉంటే 5 పెట్టుకోండి, చుట్టుపక్కల వైఫైల గోల తక్కువ. గోడ దాటి వెళ్లాలంటే 2.4 నయం. మీ టీవీ పాతదైతే 2.4 మాత్రమే పట్టుకోవచ్చు, అప్పుడు డబ్బా రెండూ ఒకేసారి ఇవ్వగలదో లేదో చూడాలి, చిన్న డబ్బాలు కొన్ని ఏదో ఒకటే ఇస్తాయి.

పాతరౌటర్:

పేరు దాచడం గురించి మీరన్నది నిజమే నీలిదీపం గారూ, ఫోన్లు ఆ పేరు పెట్టి పిలుస్తూ ఉంటాయన్నది నేను ఆలోచించలేదు. ఆ సలహా వదిలేయండి మేడమీదగది గారూ, పొడుగాటి పాస్‌వర్డే పెట్టండి.

మేడమీదగది:

అందరికీ చాలా థాంక్స్ అండీ. అన్నీ ఒక్కొక్కటిగా చేశాను, ఏం జరిగిందో చెబుతాను.

పేజీ తెరుచుకుంది. డబ్బా ఇన్నాళ్లూ ఇనుప బీరువా పక్కనున్న షెల్ఫులో ఉండేది, అక్కడ ఆర్ఎస్ఆర్‌పీ మైనస్ 113 చూపించింది, ఎస్ఐఎన్ఆర్ ఒకటీ రెండూ మధ్య ఊగుతోంది. పేజీ తెరిచే ఉంచి డబ్బాని తీసుకెళ్లి కిటికీ గట్టు మీద పెట్టాను, కాసేపటికి మైనస్ 98 దగ్గర నిలబడింది, ఎస్ఐఎన్ఆర్ 11కి వచ్చింది. అదే గది, పట్టుమని నాలుగు అడుగుల దూరం కూడా లేదు! ఇందాక మీటింగ్‌లో ఒక్కసారి కూడా మాట తెగలేదు.

స్లీప్ టైమ్ 10 నిమిషాలు ఉంది, నెవర్ చేశాను, ఇప్పుడు మూత తీసిన వెంటనే కలుస్తోంది. డేటా యూసేజ్‌లో చూస్తే అన్నిటికన్నా పైన వన్‌డ్రైవ్ ఉంది. పాత ఫోటోల ఫోల్డర్ మొత్తం పైకి ఎక్కిస్తోంది పాపం, నాకు తెలియనే తెలియదు. మీటర్డ్ పెట్టాను, ఫోన్లలో కూడా పెట్టాను.

ఇప్పుడు కొత్తగా రెండు సందేహాలు. డబ్బా పేజీలో కలిసిన పరికరాల లిస్టు చూస్తే నాకు తెలియనిది ఒకటి ఉంది, పేరు లేదు, అంకెలు అక్షరాలు కలిసిన అడ్రస్ మాత్రమే ఉంది. ఎవరైనా దూరారా అని భయంగా ఉంది. రెండోది, రోజంతా చార్జర్‌కి పెట్టి ఉంచుతున్నాను, డబ్బా బాగా వేడెక్కుతోంది. యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపితే నెట్ వస్తుందని ఎక్కడో చదివాను, అలా వాడితే మంచిదా?

నీలిదీపం:

భయపడకండి, ముందు అది మీ ఫోనే కావచ్చు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ అడ్రస్ బదులు ఊరికే పుట్టించిన అడ్రస్ ఇస్తున్నాయి. ఫోన్ అబౌట్ పేజీలో చూసిన అడ్రస్‌తో పోలిస్తే అది కలవదు, మనకి ఎవరో కొత్తవాళ్లలా కనబడుతుంది. ఫోన్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి వివరాల్లోకి వెళ్తే ఈ నెట్‌వర్క్‌కి ఏ అడ్రస్ వాడుతోందో ఉంటుంది, దాంతో పోల్చండి. అంత ఓపిక లేకపోతే ఇంట్లో ఒక్కో పరికరంలో వైఫై ఆపుతూ డబ్బా పేజీ రీఫ్రెష్ చేయండి, ఏది ఆపితే ఆ అడ్రస్ లిస్టులోంచి పోయిందో అదే. కొన్ని డబ్బాలు వెళ్లిపోయినవాటిని కూడా కాసేపు లిస్టులో ఉంచుతాయి, కొంచెం ఆగి చూడాలి.

అన్నీ ఆపినా అది అలాగే ఉంటే వైఫై పాస్‌వర్డ్ మార్చేయండి, పాత పాస్‌వర్డ్‌తో ఉన్నవాళ్లందరూ బయటికి పోతారు. ఒక్కణ్ణే బ్లాక్ చేసే బటన్ ఉంటుంది గానీ అడ్రస్ మార్చుకుని మళ్లీ వస్తాడు, పాస్‌వర్డ్ వాడి దగ్గరే ఉంది కదా.

సిగ్నల్‌వేట:

కేబుల్ గురించి. చాలా డబ్బాలు యూఎస్‌బీలో నెట్ ఇస్తాయి, కాకపోతే కేబుల్‌లో డేటా తీగలు కూడా ఉండాలి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఉంటాయి, అవి పెట్టి డబ్బా పాడైపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. సరైన కేబుల్ పెడితే విండోస్‌లో ఈథర్‌నెట్ అని కొత్తగా కనబడుతుంది. మీ లాప్‌టాప్‌కి, డబ్బాకి మధ్య వైఫై గోల ఉండదు కాబట్టి మీటింగులకి ఇదే నయం.

ఇక్కడ ఒకటి తప్పక చేయాలి. మీరు వైఫైకి పెట్టిన మీటర్డ్ ఈ ఈథర్‌నెట్‌కి వర్తించదు. కేబుల్ పెట్టిన నిమిషంలో వన్‌డ్రైవ్ మళ్లీ ఫోటోలు ఎక్కించడం మొదలుపెడుతుంది. వెంటనే ఈథర్‌నెట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దానికీ మీటర్డ్ ఆన్ చేయండి. కేబుల్, వైఫై రెండూ ఉన్నప్పుడు విండోస్ మామూలుగా కేబుల్‌నే వాడుతుంది.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోకండి. లిథియం బ్యాటరీకి రెండు పడవు, ఎప్పుడూ నిండుగా చార్జ్‌లో ఉండటం, వేడిగా ఉండటం. మీ డబ్బాకి రెండూ ఒకేసారి పడుతున్నాయి, కిటికీ దగ్గర ఎండ కూడా తగిలితే ఇక చెప్పక్కర్లేదు. రోజంతా గుచ్చి ఉంచకుండా చార్జ్ నిండాక తీసి, తగ్గాక పెట్టే అలవాటు చేసుకోండి. కొన్ని మోడళ్లలో బ్యాటరీ సేవర్ అనో చార్జ్ లిమిట్ అనో ఉంటుంది, ఉంటే ఆన్ చేయండి. బ్యాటరీ తీసేసి చార్జర్ మీదే నడిచేవి కూడా ఉన్నాయి, కానీ మీ మాన్యువల్‌లో అలా రాసి ఉంటేనే చేయండి. వెనక మూత ఉబ్బినట్టు, సరిగ్గా పట్టనట్టు అనిపిస్తే ఆ బ్యాటరీని ఇక చార్జ్ చేయొద్దు, గుచ్చొద్దు, నొక్కొద్దు, మార్చేయండి.

డబ్బాని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పక్కన కూడా పెట్టకండి. యూఎస్‌బీ 3 పరికరాలు, వాటి కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర గోల పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే పేపర్ వేసింది. ఒక అడుగు దూరం జరిపినా తేడా ఉంటుంది.

గూటిలోకెమెరా:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటి డబ్బానే. దానికి ఒక కెమెరా కలిపాను, ఊరెళ్లినప్పుడు లాప్‌టాప్ నుంచి చూసుకుందామని డబ్బా పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే పిలుపుని నేరుగా కెమెరాకి పంపే సెట్టింగ్) పెట్టాను, ఇంట్లో ఉంటే వస్తోంది, బయటి నుంచి అసలు రావడం లేదు.

నీలిదీపం:

డబ్బా స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే మొబైల్ కంపెనీ మీ డబ్బాకి ఇచ్చిన అడ్రస్, ఎంతో చూడండి. అది 10తో గానీ, 100.64 నుంచి 100.127 మధ్య గానీ మొదలైతే మీకు సొంత పబ్లిక్ అడ్రస్ లేనట్టే. మొబైల్ కంపెనీలు చాలామంది కస్టమర్లకి కలిపి ఒకే బయటి అడ్రస్ వాడతాయి, దాన్ని సీజీనాట్ అంటారు. బయటి నుంచి వచ్చే పిలుపు కంపెనీ దగ్గరే ఆగిపోతుంది, మీ డబ్బా దాకా రానే రాదు. డబ్బాలో పోర్ట్ ఎంత తెరిచినా ఉపయోగం లేదు, తెరిచింది తీసేయండి. కెమెరా కంపెనీ యాప్ ఉంటే అది వాడండి, అందులో కెమెరానే లోపలి నుంచి బయటికి కనెక్షన్ తెరుస్తుంది కాబట్టి పని చేస్తుంది. కంపెనీ పబ్లిక్ ఐపీ విడిగా ఇస్తుందేమో కూడా కనుక్కోవచ్చు.

మేడమీదగది:

ఆ తెలియనిది మా టీవీయే! టీవీ ఆపగానే లిస్టులోంచి పోయింది. కేబుల్‌తో కూడా నెట్ వస్తోంది, మొదట పెట్టింది చార్జింగ్ కేబుల్ అనుకుంటా, ఫోన్‌తో వచ్చిన ఇంకోటి పెడితే ఈథర్‌నెట్ కనబడింది. మీటర్డ్ కూడా పెట్టేశాను.

ఒక్కటే మిగిలింది. వచ్చే వారం ప్రయాణం ఉంది, డబ్బా బ్యాగులో వేసుకుని వెళ్తాను. పోతే ఎవరైనా సిమ్ తీసి వాడేస్తారని సిమ్ పిన్ పెడదామనుకుంటున్నాను, డబ్బా పేజీలో ఆ ఆప్షన్ ఉంది. పెట్టొచ్చా? ఫర్మ్‌వేర్ (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందని కూడా చూపిస్తోంది.

సిగ్నల్‌వేట:

సిమ్ పిన్ పెట్టొచ్చు, మంచి పనే. అది ఆన్ చేసేటప్పుడు ఇప్పుడున్న పిన్ అడుగుతుంది, సిమ్‌తో వచ్చిన కార్డు మీద ఉంటుంది, లేదా కంపెనీని అడగాలి. ఊహించి కొట్టకండి. మామూలుగా 3 సార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయి పీయూకే (ఆ లాక్ తీసే కోడ్) అడుగుతుంది, ఆ పీయూకే 10 సార్లు తప్పయితే ఆ సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తీసుకోవాల్సిందే. పిన్ పెట్టాక డబ్బా ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ అడిగితే, లాప్‌టాప్ నుంచి అదే పేజీలో ఇవ్వాలి. కొన్ని డబ్బాల్లో పిన్ గుర్తుంచుకునే ఆప్షన్ ఉంటుంది, అది పెడితే డబ్బాతో సహా పోయినప్పుడు పిన్ ఉన్నా లేనట్టే, సిమ్ తీసి వేరేదాంట్లో వేస్తేనే అడ్డుపడుతుంది. మీరు భయపడేది సిమ్ తీసి వాడతారనే కాబట్టి గుర్తుంచుకోమన్నా ఫర్వాలేదు. పోతే మాత్రం వెంటనే కంపెనీకి చెప్పి సిమ్ బ్లాక్ చేయించండి.

ఫర్మ్‌వేర్ ప్రయాణానికి ముందు రోజు రాత్రి కాదు, ఇవాళో రేపో చేయండి, ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవడానికి టైమ్ ఉంటుంది. ముందు బ్యాకప్ ఆప్షన్ ఉంటే సెట్టింగ్స్ ఒక ఫైల్‌గా లాప్‌టాప్‌లో దించుకోండి. బ్యాటరీ నిండుగా ఉంచి చార్జర్ కూడా పెట్టండి, మధ్యలో ఆగిపోతే డబ్బా మళ్లీ లేవకపోవచ్చు. అప్‌డేట్ అయ్యాక స్లీప్ టైమ్, డేటా లిమిట్, అడ్మిన్ పాస్‌వర్డ్ ఈ మూడూ మీరు పెట్టినట్టే ఉన్నాయో లేదో చూడండి, కొన్నిసార్లు మొదటికొస్తాయి. వేరే దేశం వెళ్తుంటే డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉందో లేదో కూడా ఆ పేజీలోనే చూసుకుని బయల్దేరండి.